నిలబడ్డ బండి ఎందుకు కదులుతోంది: స్టీరియో కెమెరాలతో 3డీ కదలిక లెక్క

ముందుగా మీ ప్రశ్న సారాంశం, తర్వాత చదివేవాళ్ల కోసం. నాలుగు చక్రాల చిన్న బండి మీద రెండు యూఎస్‌బీ వెబ్‌క్యామ్‌లు పెట్టారు. వాటి మధ్య దూరం (బేస్‌లైన్) 12 సెంటీమీటర్లు, ఇమేజ్ 1280×720, సెకనుకి 30 ఫ్రేములు, ఫోకల్ లెంగ్త్ సుమారు 700 పిక్సెళ్లు. ఓపెన్‌సీవీ లైబ్రరీలోని ఎస్‌జీబీఎంతో (రెండు ఇమేజ్‌లలో పిక్సెళ్లకి జత వెతికే పద్ధతి) డిస్పారిటీ, అంటే ఒకే పాయింటు ఎడమ, కుడి ఇమేజ్‌లలో ఎంత పక్కకి జరిగి పడిందో ఆ తేడా తీసి, ఓర్బ్ అనే పద్ధతితో గుర్తించిన పాయింట్లని 3డీలోకి మార్చి, పాత ఫ్రేములోని 3డీ పాయింట్లని కొత్త ఫ్రేములోని పాయింట్ల మీదికి ఎస్‌వీడీ అనే మాట్రిక్స్ లెక్కతో అతికిస్తున్నారు. మూడు ఇబ్బందులు చెప్పారు. బండి నిలబడే ఉన్నా స్థానం మెల్లగా జారిపోతోంది. ఎడమకి తిరిగేటప్పుడు వస్తువులన్నీ దూరం జరుగుతున్నాయి, కుడికి తిరిగితే దగ్గరికి వస్తున్నాయి. ఎదురుగా బస్సు అడ్డంగా వెళ్తే బండే పక్కకి జరిగినట్టు వస్తోంది.

ఈ మూడింటికీ కారణాలు వేరు, ఒక్క మందుతో పోవు. మొదటిది లెక్క కట్టే పద్ధతిలో తప్పు. రెండోది హార్డ్‌వేర్‌ది, కోడ్ ఎంత మార్చినా పోదు. మూడోది రాన్‌శాక్ (ఎక్కువ పాయింట్లు ఒప్పుకునే కదలికని ఎంచుకుని మిగతావాటిని తోసేసే పద్ధతి) స్వభావం.

మొదటిదాంతో మొదలుపెడదాం. లోతు = ఫోకల్ లెంగ్త్ × బేస్‌లైన్ ÷ డిస్పారిటీ. మీ కెమెరాలకి ఆ పై లబ్ధం 700 × 0.12 = 84. అంటే 1 మీటరు దూరంలో ఉన్న వస్తువుకి డిస్పారిటీ 84 పిక్సెళ్లు, 5 మీటర్లకి 16.8, 10 మీటర్లకి 8.4. మ్యాచింగ్ ఎంత బాగా కుదిరినా పావు పిక్సెల్ అటో ఇటో పోతుంది. ఆ పావు పిక్సెల్ విలువ 1 మీటరు దగ్గర 3 మిల్లీమీటర్లు, 5 మీటర్ల దగ్గర 7.4 సెం.మీ., 10 మీటర్ల దగ్గర 30 సెం.మీ., 20 మీటర్ల దగ్గర 1.2 మీటర్లు. దూరం రెట్టింపైతే లోతులో తప్పు నాలుగింతలవుతుంది.

ఇప్పుడు 10 మీటర్ల దూరంలో గోడ మీద ఒక చుక్క తీసుకోండి. వరసగా రెండు ఫ్రేముల్లో దాని లోతు కొలిచి తేడా తీస్తే, రెండు తప్పులూ కలిసి 42 సెం.మీ. దాకా వస్తుంది. సెకనులో 30వ వంతులో 42 సెం.మీ. అంటే గంటకి 45 కిలోమీటర్లు. కదలని గోడ ఆర్టీసీ బస్సు వేగంతో పరిగెడుతోందన్నమాట. మీరు చేస్తున్నది సరిగ్గా ఇదే, కాకపోతే కొన్ని వందల చుక్కలతో.

వందల చుక్కలుంటే తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలి కదా అంటారు. కొంతవరకు నిజమే. కానీ 5 మీటర్ల దగ్గర అదే పావు పిక్సెల్ వల్ల పక్కకి తప్పేది 1.8 మిల్లీమీటర్లే. లోతులో తప్పు దానికి 42 రెట్లు. దూరాన్ని బేస్‌లైన్‌తో భాగిస్తే వచ్చే సంఖ్య అది. ఒక్కో పాయింటు చుట్టూ ఉన్న అనుమానం గుండ్రటి బంతి కాదు, కెమెరా వైపు గుచ్చినట్టున్న అగరుబత్తి పుల్ల. ఎస్‌వీడీ పద్ధతి మాత్రం ప్రతి పాయింటునీ ఒకే సైజు బంతి అనుకుంటుంది. 1 మీటరు దగ్గరి మంచి పాయింటుకీ 20 మీటర్ల దగ్గరి గాలివాటం పాయింటుకీ సమాన ఓటు ఇస్తుంది. పైగా ఈ తప్పు రెండు వైపులా సమానంగా కూడా ఉండదు. డిస్పారిటీ 4 అయితే లోతు 21 మీటర్లు. ఒక పిక్సెల్ తగ్గితే 28, పెరిగితే 16.8. దూరం వైపు 7 మీటర్లు, దగ్గర వైపు 4.2 మీటర్లే. ఎన్ని పాయింట్ల సగటు తీసినా లెక్క దూరం వైపే మొగ్గుతుంది.

1987లోనే పరిశోధకులు మాథీస్, షాఫర్ ఈ సంగతి రాశారు: స్టీరియోతో నావిగేషన్ చేసేటప్పుడు ప్రతి పాయింటు తప్పునీ పొడుగాటి ఎలిప్సాయిడ్‌గా (సాగదీసిన బంతిలా) తీసుకోవాలని. 2004లో అంగారకుడి మీద దిగిన స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్ల విజువల్ ఓడోమెట్రీ (ఇమేజ్‌లతో కదలిక లెక్కకట్టడం) ఈ దారిలోదే. వాటి 20 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ మీద ఒక్కో అడుగు లెక్కకి నిమిషాలు పట్టేది. మీ దగ్గర అంతకంటే వేల రెట్లు బలమైన కంప్యూటర్ ఉంది, సత్తువకి కొదవ లేదు.

మందు ఏమిటంటే, తప్పుని 3డీలో కొలవకండి, ఇమేజ్‌లో కొలవండి. పాత ఫ్రేములోని 3డీ పాయింటుని మీరు ఊహించిన కదలికతో కొత్త ఫ్రేములోకి తెచ్చి, ఎడమ, కుడి ఇమేజ్‌లు రెండింటి మీదా ఎక్కడ పడుతుందో చూడండి. నిజంగా దొరికిన చోటుకీ దానికీ తేడాని తగ్గించండి. రెక్టిఫై చేసిన (ఒకే పాయింటు రెండింట్లో ఒకే వరసలో పడేలా సరిచేసిన) ఇమేజ్‌లలో ఒక్కో పాయింటుకి మూడు తేడాలు వస్తాయి: ఎడమలో అడ్డం, ఎడమలో నిలువు, కుడిలో అడ్డం. తెలియనివి ఆరే: మూడు కోణాలు, మూడు జరుగుళ్లు. పిక్సెల్ తప్పు దగ్గరి పాయింటుకైనా దూరపు పాయింటుకైనా దాదాపు ఒకే స్థాయిలో ఉంటుంది కాబట్టి వెయిట్ల గొడవ చాలావరకు దానంతటదే తీరిపోతుంది.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. దూరపు పాయింట్ల లోతు బాగుండదని 5 మీటర్లు దాటినవన్నీ పారేస్తారు. ఎస్‌వీడీలో అది తప్పక చేసే పనేమో గానీ, ఇమేజ్‌లో తప్పు కొలిచేటప్పుడు అది చేటు. 40 మీటర్ల దూరంలో ఉన్న నీళ్ల ట్యాంకు మీ బండి ఎంత ముందుకెళ్లిందో చెప్పలేదు, కానీ ఎంత తిరిగిందో అందరికంటే ఖచ్చితంగా చెబుతుంది. తిరుగుడు దూరపు పాయింట్లు చెప్పాలి, జరుగుడు దగ్గరివి చెప్పాలి. రెండూ ఉంచండి.

ఇదంతా కోడ్‌లో పెట్టేముందు రెండో ఇబ్బంది తీర్చాలి. మీరు రాసిన లక్షణమే రోగాన్ని పట్టిస్తోంది: ఎడమకి తిరిగితే దూరం, కుడికి తిరిగితే దగ్గర. మీ కుడి కెమెరా ఎడమదానికంటే ఆలస్యంగా ఫోటో తీస్తోంది. బండి ఎడమకి తిరిగేటప్పుడు దృశ్యం ఇమేజ్‌లో కుడికి జరుగుతుంది. కుడి కెమెరా ఆలస్యంగా తీస్తే అందులో పాయింటు మరికాస్త కుడికి పోయి ఉంటుంది, డిస్పారిటీ తగ్గుతుంది, లోతు పెరుగుతుంది. ఆలస్యం 10 మిల్లీసెకన్లు, తిరిగే వేగం సెకనుకి 30 డిగ్రీలు అనుకుంటే మధ్యలో 0.3 డిగ్రీలు, అంటే 3.7 పిక్సెళ్లు. 5 మీటర్ల దగ్గరి వస్తువుకి 16.8 ఉండాల్సింది ఎడమ మలుపులో 13.1 అయి 6.4 మీటర్లలా, కుడి మలుపులో 20.5 అయి 4.1 మీటర్లలా కనిపిస్తుంది.

ఆలస్యాన్ని కొలవడానికి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి రెండు కెమెరాలకీ చూపించకండి. 60 హెర్ట్జ్ ఫోన్ తెర 16.7 మిల్లీసెకన్లకోసారి గానీ మారదు, మీకు కావలసిన కొలత దానిలోనే మునిగిపోతుంది. ఆర్డ్యునోకి (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న బోర్డు) 16 ఎల్ఈడీలు వరసగా కలిపి, ఒక్కోటీ 1 మిల్లీసెకను చొప్పున వెలిగేలా రాయండి. చుట్టు పూర్తవగానే మళ్లీ మొదటికి. ఎన్నో చుట్టో తెలియడానికి ఇంకో రెండు ఎల్ఈడీలు బైనరీలో నడపండి. నాలుగు చుట్లు, మొత్తం 64 మిల్లీసెకన్లు గుర్తుపట్టొచ్చు. వరసని అడ్డంగా పెట్టండి, నిలువుగా పెడితే రోలింగ్ షట్టర్ (ఇమేజ్‌ని ఒక్కో వరసగా పై నుంచి కిందికి తీయడం) వల్ల లెక్క తారుమారవుతుంది. ఎక్స్‌పోజర్ 1 మిల్లీసెకనుకి తగ్గించి, గది చీకటి చేసి, ఒక జత తీయండి. ఎడమ ఇమేజ్‌లో 3వది, కుడిలో 13వది వెలిగి ఉంటే తేడా 10 మిల్లీసెకన్లు. ఇరవై జతలు తీసి చూడండి. రెండు విడి వెబ్‌క్యామ్‌లైతే ఈ తేడా ఒకే చోట నిలవదు, మెల్లగా పాకుతూ ఉంటుంది. అందుకే సాఫ్ట్‌వేర్‌లో ఒక స్థిరాంకం కలిపి సరిదిద్దుదామన్నా కుదరదు.

దీనికి సరైన దారి హార్డ్‌వేర్ ట్రిగ్గర్ (రెండు కెమెరాలకీ ఒకే క్షణంలో ఫోటో తీయమని తీగ ద్వారా వెళ్లే సంకేతం) ఉన్న గ్లోబల్ షట్టర్ (ఇమేజ్ మొత్తం ఒకేసారి తీసే) సెన్సర్లు. ఓవీ9281 సెన్సర్‌తో వచ్చే మాడ్యూళ్లు ఈ పనికి బాగా సరిపోతాయి: బ్లాక్ అండ్ వైట్, 1280×800, గ్లోబల్ షట్టర్. కొనేముందు ఆ బోర్డు మీద సింక్ పిన్ బయటికి ఇచ్చారో లేదో చూసుకోండి. కొన్ని చవక బోర్డుల్లో సెన్సర్‌కి ఆ సదుపాయం ఉన్నా పిన్ బయటికి రాదు. రంగు లేదని బాధపడకండి, ఈ పనికి రంగు అక్కర్లేదు. ఎక్స్‌పోజర్ 5 మిల్లీసెకన్లు దాటనివ్వకండి: పైన చెప్పిన వేగంతో తిరిగితే 5 మిల్లీసెకన్లకే 1.8 పిక్సెళ్ల మసక వస్తుంది. రెండు కెమెరాలకీ ఎక్స్‌పోజర్, గెయిన్ ఒకటే ఉండాలి, ఎవరికి వారు ఆటోలో ఉండకూడదు. ఆటోఫోకస్ లెన్సులు వద్దు. ఫోకస్ మారితే ఫోకల్ లెంగ్తూ మారుతుంది, మీ క్యాలిబ్రేషన్ (చెస్‌బోర్డు గళ్లని ఫోటోలు తీసి తేల్చుకున్న కెమెరా కొలతలు) ఆ క్షణంలోనే పాతబడిపోతుంది. స్క్రూ లెన్సు అయితే ఫోకస్ కుదిరాక గోళ్లరంగు చుక్క వేసి బిగించెయ్యండి.

క్యాలిబ్రేషన్ గురించి. చెస్‌బోర్డు ప్రింటు తీసి అట్టకి అంటిస్తే అట్ట వంగుతుంది. గాజు పలకకో అల్యూమినియం కాంపోజిట్ (ఏసీపీ) షీటుకో అతికించండి. ప్రింటర్ పేజీకి సరిపెట్టే పేరుతో సైజు తగ్గించేస్తుంది, కాబట్టి గడిని వెర్నియర్‌తో కొలవండి. ఒక్క గడి కాదు, పది గళ్లు కలిపి కొలిచి భాగించండి. 25 అనుకున్న గడి నిజానికి 24.5 మిల్లీమీటర్లుంటే బేస్‌లైన్ 2 శాతం ఎక్కువొస్తుంది, బండి 100 మీటర్లు పోతే 102 అని చూపిస్తుంది. 40 నుంచి 60 జతలు తీయండి. బోర్డుని వంచి, తిప్పి, ఇమేజ్ నాలుగు మూలలకీ తీసుకెళ్లండి. అందరూ మధ్యలోనే తీసి మూలలు వదిలేస్తారు, లెన్సు వంకర ఉండేదేమో మూలల్లో. రీప్రొజెక్షన్ తప్పు (లెక్క ప్రకారం గడి మూల పడాల్సిన చోటుకీ ఇమేజ్‌లో దొరికిన చోటుకీ తేడా) 0.3 పిక్సెల్ లోపు రావాలి.

ఆ సంఖ్య బాగున్నంత మాత్రాన నమ్మేయకండి. రెక్టిఫై చేసిన జతలో ఒకే పాయింటు రెండింట్లో ఒకే వరసలో ఉందా అని అందరూ చూస్తారు, చూడాలి కూడా. అర పిక్సెల్ దాటకూడదు. కానీ ఒక కెమెరా పక్కకి 0.1 డిగ్రీ తిరిగిపోతే ఆ పరీక్షకి దొరకదు. ఎందుకంటే ఆ తప్పు అడ్డంగానే పోతుంది, డిస్పారిటీలో కలిసిపోతుంది. 0.1 డిగ్రీ అంటే మీ కెమెరాకి 1.2 పిక్సెళ్లు. దీన్ని పట్టుకోవడానికి టేపు చాలు. గోడ మీద ఒక పోస్టరు అంటించి 2, 4, 8 మీటర్ల దగ్గర బండి నిలబెట్టి డిస్పారిటీ రాసుకోండి. 42, 21, 10.5 రావాలి. 43.2, 22.2, 11.7 వచ్చాయనుకోండి, మూడింటిలోనూ 1.2 ఎక్కువ. అంటే కెమెరా తిరిగిపోయింది. 8 మీటర్లని 7.2 అంటోంది. అలా కాకుండా 42.8, 21.4, 10.7 వస్తే అన్నిటా 2 శాతం తేడా, అది బేస్‌లైన్‌దో ఫోకల్ లెంగ్త్‌దో. రెండు కెమెరాలనీ ఒకే అల్యూమినియం చానల్‌కి బిగించండి. 3డీ ప్రింటర్‌లో పీఎల్ఏ ప్లాస్టిక్‌తో చేసిన బ్రాకెట్టు మన ఎండకి మెత్తబడి వంగుతుంది. పొద్దున చేసిన క్యాలిబ్రేషన్ మధ్యాహ్నానికి ఉండదు.

ఇక మ్యాచింగ్. ఎస్‌జీబీఎం ఇచ్చే విలువలు డిస్పారిటీకి 16 రెట్లు. 16తో భాగించారా? మ్యాచ్ దొరకని చోట మైనస్ విలువ ఉంటుంది, దాన్ని వడకట్టారా? మీ కోడ్ పూర్తిగా పెట్టలేదు కాబట్టి అడుగుతున్నాను. అది సరిగ్గా ఉన్నా, కెమెరా కదలిక కోసం ఎస్‌జీబీఎం మంచి ఎంపిక కాదు. వస్తువుల అంచుల దగ్గర ముందున్న వస్తువు లోతు వెనకున్న గోడకి అంటుకుంటుంది, మరి మూల పాయింట్లు (రెండు అంచులు కలిసే చోట్లు) దొరికేది ఎక్కువగా అంచుల దగ్గరే. ఓర్బ్‌తోనూ చిక్కుంది: పిరమిడ్ (అంచెలంచెలుగా చిన్నది చేసిన ఇమేజ్‌ల వరస) పై మెట్లలో దొరికిన పాయింటు అసలు ఇమేజ్‌లో రెండు మూడు పిక్సెళ్లు తప్పొచ్చు. పావు పిక్సెల్ కోసం తాపత్రయపడుతూ అక్కడ మూడు పిక్సెళ్లు వదులుకుంటున్నాం.

వస్తువుల మూల పాయింట్లని పట్టుకుని కేఎల్‌టీతో (పాయింటు చుట్టూ ఉన్న చిన్న ముక్కని తర్వాతి ఇమేజ్‌లో వెతికే పద్ధతి) ట్రాక్ చేయండి. ఆ ముక్క (కిటికీ) 21×21 పిక్సెళ్లు, పిరమిడ్ మెట్లు 3 లేదా 4. ఇమేజ్‌ని 80 పిక్సెళ్ల గళ్లుగా కోసి, గడికి మూడు నాలుగు పాయింట్లకి మించకుండా మొత్తం 300 నుంచి 500 ఉంచండి. గళ్లు ఎందుకంటే, ఇమేజ్‌లో ఒక చెట్టు ఉందంటే పాయింట్లన్నీ ఆకుల మీదే పోగవుతాయి. ఆకులు గాలికి ఊగుతాయి, పైగా పాయింట్లన్నీ ఒక్కచోటే ఉంటే తిరుగుడుకీ జరుగుడుకీ తేడా తెలియదు. ప్రతి పాయింటునీ చుట్టూ తిప్పి పరీక్షించండి: పాత ఎడమ నుంచి పాత కుడికి, అక్కణ్ణుంచి కొత్త కుడికి, కొత్త ఎడమకి, తిరిగి పాత ఎడమకి. బయల్దేరిన చోటుకి 1 పిక్సెల్ లోపు రాకపోతే తీసేయండి. గైగర్ బృందం 2011లో ఇచ్చిన లిబ్‌విసో2 ఈ చుట్టు పద్ధతితోనే నడుస్తుంది, దాని కోడ్ చదవడానికి తేలిగ్గా ఉంటుంది. ఒక్కసారి చూడండి.

తర్వాత రాన్‌శాక్‌తో పీఎన్‌పీ (3డీ పాయింట్లు ఇమేజ్‌లో పడ్డ చోట్లని బట్టి కెమెరా కదలిక తేల్చే లెక్క). 3 పాయింట్ల పద్ధతికి సగం పాయింట్లు మంచివైతే 99 శాతం నమ్మకానికి 35 ప్రయత్నాలు చాలు, 30 శాతమే మంచివైనా 170 దాకా. 200 పెట్టండి, వేలు అక్కర్లేదు. హద్దు 1.5 పిక్సెళ్లు. దాన్నుంచి వచ్చిన జవాబుని మొదటి ఊహగా తీసుకుని, మిగిలిన మంచి పాయింట్లతో, పైన చెప్పిన మూడు తేడాల లెక్కని గాస్-న్యూటన్‌తో (ఊహని మెట్టుమెట్టుగా మెరుగుపరిచే పద్ధతి) ఐదారు సార్లు తిప్పండి; హ్యూబర్ వెయిటు (పెద్ద తప్పున్న పాయింట్ల ఓటు తగ్గించేది) తప్పనిసరి. ఒక జాగ్రత్త: పీఎన్‌పీ ఇచ్చేది పాత పాయింట్లని కొత్త కెమెరాలోకి తెచ్చే మార్పు. బండి కదలిక దానికి తలకిందులు, విలోమం తీసి కలపాలి. మ్యాపులో బండి వెనక్కి నడుస్తుంటే ముందు చూడాల్సింది ఇదే.

నిలబడ్డప్పుడు జారడానికి ఇంకో కారణం ప్రతి ఫ్రేమునీ దాని ముందు ఫ్రేముతోనే పోల్చడం. ప్రతిసారీ చిన్న తప్పు, సెకనుకి 30 సార్లు కూడుతూ పోతుంది. ఒక కీఫ్రేము (పోలిక కోసం మార్చకుండా ఉంచే ఫ్రేము) పెట్టుకుని దానితోనే పోల్చండి. ట్రాక్ అయ్యే పాయింట్లు 60 శాతం కిందికి పడినప్పుడో, సగటు కదలిక 25 పిక్సెళ్లు దాటినప్పుడో కొత్త కీఫ్రేము తీసుకోండి. బండి నిలబడితే కీఫ్రేము మారదు, తప్పు కూడదు, ఒకే చోట వణుకుతుంది అంతే.

మూడోది, బస్సు. రాన్‌శాక్‌కి ఏది నేల, ఏది బస్సు అన్న పట్టింపు లేదు. ఎక్కువ పాయింట్లు ఎటు కలిసి నడిస్తే అదే లోకం అనుకుంటుంది. ఇమేజ్‌లో సగానికి పైగా బస్సు నిండితే బస్సే నిలబడి ఉంది, బండే కదిలింది అంటుంది. కెమెరా ఒక్కదానితో దీనికి పూర్తి జవాబు లేదు. ఐఎంయూలోని (కదలికని కొలిచే చిప్) జైరోతో తిరుగుడు, చక్రాల ఎన్‌కోడర్‌తో (చక్రం ఎంత తిరిగిందో లెక్కపెట్టే సెన్సర్) జరుగుడు ముందే ఊహించి, ఆ ఊహకి దగ్గరగా ఉన్న పాయింట్లతోనే రాన్‌శాక్ మొదలుపెట్టండి. జవాబు ఆ ఊహకి మరీ దూరంగా వస్తే ఆ ఫ్రేముని నమ్మకుండా ఎన్‌కోడర్‌తోనే నడిపించండి.

కెమెరా కదలిక తేలాక బస్సు కదలిక తీయొచ్చు. బయటికి నెట్టేసిన పాయింట్లే ఇప్పుడు మీ సరుకు. నిలబడి ఉంటే ఎక్కడ పడాలో ప్రతి పాయింటుకీ తెలుసు కదా. నిజంగా దొరికిన చోటుకీ దానికీ తేడా వర్గాన్ని కోవేరియన్స్‌తో (ఆ తేడాలో ఎంత అనుమానం ఉందో చెప్పే కొలత) భాగించి చూడండి. మూడు తేడాలకి 95 శాతం హద్దు 7.81, దాటితే కదిలే పాయింటు అని అనుమానించండి. పక్కపక్కనే ఉండి ఒకేలా కదిలేవాటిని గుంపు చేసి, గుంపులో కనీసం 10 పాయింట్లుంటేనే విడి వస్తువుగా లెక్కించండి.

వేగం మాత్రం రెండు ఫ్రేములతో తీయకండి. 10 మీటర్ల దూరపు పాయింటుకి రెండు ఫ్రేములతో వచ్చే తప్పు సెకనుకి 12.6 మీటర్లు, అంటే గంటకి 45 కిలోమీటర్లని పైన చూశాం. పది ఫ్రేముల మీద సరళరేఖ గీస్తే అది సుమారు 1 మీటరుకి తగ్గుతుంది, 30 ఫ్రేములతో 0.2కి. ఎదురుగా వచ్చేదాని వేగం తెలియడానికి మూడో వంతు సెకను ఆగడం పెద్ద ఖరీదు కాదు. కాల్మన్ ఫిల్టర్ (ఊహనీ కొత్త కొలతనీ కలిపి అంచనాని మెరుగుపరిచే పద్ధతి) పెడితే కొలతగా 3డీ స్థానాన్ని ఇవ్వకండి, పిక్సెల్ స్థానాన్నీ డిస్పారిటీనీ ఇవ్వండి. మొదట చెప్పిన అగరుబత్తి సంగతే ఇక్కడా. 2005లో కార్ల కంపెనీ డైమ్లర్‌క్రైస్లర్‌లో ఫ్రాంకె, రాబె చేసిన 6డీ-విజన్ ఇదే ఆలోచన: ఒక్కో పాయింటుకి స్థానం, వేగం కలిపి ఆరు సంఖ్యల ఫిల్టర్. ఒక్కటి గుర్తుంచుకోండి, ఈ సగటు యాదృచ్ఛికమైన తప్పునే తగ్గిస్తుంది. 1.2 పిక్సెళ్ల క్యాలిబ్రేషన్ తప్పు ముప్పై ఫ్రేముల తర్వాతా అలాగే ఉంటుంది.

ప్రతి పిక్సెల్‌కీ కదలిక ఇచ్చే న్యూరల్ నెట్‌వర్కులు వాడొచ్చా అని కూడా అడిగారు. రాఫ్ట్-3డీ లాంటివి కిట్టీ డేటా (కారు మీది కెమెరాలతో తీసిన పరీక్షా ఇమేజ్‌లు) మీద బాగా చేస్తాయి. కానీ కిట్టీ కెమెరాల మధ్య దూరం 54 సెం.మీ., మీది 12. అదే పావు పిక్సెల్‌కి వాళ్ల కారులో 10 మీటర్ల దగ్గర తప్పు సుమారు 6.4 సెం.మీ., మీకు 30. నెట్‌వర్కు మారిస్తే ఆ తేడా పూడదు. బండి వెడల్పు ఒప్పుకుంటే బేస్‌లైన్ 24 సెం.మీ. చేయండి, తప్పు సగమవుతుంది. అయితే డిస్పారిటీని 128 పిక్సెళ్ల దాకానే వెతికితే కనిపించే అతి దగ్గరి దూరం 0.66 నుంచి 1.3 మీటర్లకి పోతుంది. ముందు అడ్డంకులు చూడటానికి అది మీకు సరిపోతుందో లేదో మీరే తేల్చుకోవాలి.

ఎల్ఈడీల జత ఫోటో ఒకటి, 2, 4, 8 మీటర్ల డిస్పారిటీలు మూడు ఇక్కడే కింద పెట్టండి. అవి చూశాక కోడ్ వైపు వెళ్దాం.